బోర్డు చెబితే కాలు వింటుందా?

రోడ్డు పనులు జరిగే చోట 'నెమ్మదిగా వెళ్లండి' అనే బోర్డు ఉంటుంది. దాన్ని చూసి నిజంగా నెమ్మదించేవాళ్లు ఎందరో అందరికీ తెలుసు. ప్రమాదం జరిగాక మాత్రం ఆ బోర్డుకు ఎక్కడలేని విలువ వస్తుంది. 'మేం పెట్టాం, అతనే చూసుకోలేదు' అనడానికి పనికొస్తుంది మరి.

డ్రైవర్ నిర్లక్ష్యం సంగతి కాసేపు పక్కన పెట్టి, కంటి సంగతి చూద్దాం. చాలాసేపు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చినవాడికి 60కి దిగితే బండి పాకుతున్నట్టే ఉంటుంది. పక్కనున్నవి ఎంత తొందరగా వెనక్కి పోతున్నాయో కంటి అంచులతో పట్టుకుని మనం వేగం అంచనా వేస్తాం. వెడల్పాటి ఖాళీ రోడ్డు మీద ఆ అంచనా తప్పుతుంది.

ఈ బలహీనతనే ఇంజినీర్లు పనికి పెట్టారు. రోడ్డుకు అడ్డంగా గీతలు వేసి, ముందుకు పోయేకొద్దీ వాటి మధ్య దూరం తగ్గిస్తారు. బండి అదే వేగంతో పోతున్నా గీతలు గబగబా ఎదురొస్తాయి. వేగం పెరుగుతోందనిపించి కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీంచి లేస్తుంది. బ్రిటన్‌లో 1970ల్లోనే రౌండెబౌట్‌ల (దారులు కలిసే గుండ్రటి కూడళ్ల) ముందు ఇలా పసుపు గీతలు వేశారు. షికాగోలో లేక్ షోర్ డ్రైవ్ అనే రోడ్డు మలుపు దగ్గర 2006లో తెల్ల గీతలు వచ్చాయి. పని జరిగే చోటైతే వీటికి తోడు కోన్లను దగ్గర దగ్గరగా పెట్టి లేన్‌ను సన్నం చేయొచ్చు. వేగం 80 నుంచి 60కి తగ్గితే బండి గుద్దే శక్తి దాదాపు 44 శాతం తగ్గుతుంది. కోన్ల అవతల వంగి పనిచేసే మనిషికి అది చిన్న తేడా కాదు.

రోజూ వెళ్లేవాళ్లు గీతలకు అలవాటు పడిపోతారంటారు. కొంత నిజమే. కానీ బోర్డుకు అంతకన్నా ముందే అలవాటు పడ్డారుగా! పైగా పని అయిపోయాక కూడా పీకకుండా వదిలేసిన బోర్డులే జనానికి ఆ అలవాటు నేర్పాయి.

అసలు ఈ జబ్బు రోడ్డుతో ఆగలేదు. యాప్ పెట్టుకునేటప్పుడు చదవకుండా నొక్కే షరతులు, మందు డబ్బాలో మడిచిపెట్టిన చీమతలకాయంత అక్షరాల కాగితం కూడా ఈ బోర్డుకు చుట్టాలే. రాసినవాళ్లను కాపాడటమే వాటి పని.

రోడ్డు పనుల తనిఖీ కాగితంలో 'బోర్డులు పెట్టారా?' అన్న ప్రశ్న తీసేసి, వాహనాలు అక్కడ ఎంత వేగంతో పోతున్నాయో కొలిచి రాయమనండి. కోన్లు వాటంతటవే దగ్గరికి జరుగుతాయి.