పార్టీకి యజమాని ఎవరు? వయోమింగ్ గ్రామీణ కౌంటీ చెప్పిన సమాధానం

లిజ్ చెనీ 2022 ఆగస్టు 16న జరిగిన రిపబ్లికన్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నికలో, ఓడిపోయారని రికార్డులు చెబుతాయి. రాజకీయంగా చూస్తే ఆ ఓటమి సరిగ్గా 19 నెలల ముందే, వయోమింగ్ రాష్ట్రంలోని కార్బన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) మొదలైంది. 2021 జనవరి 13న అమెరికా ప్రతినిధుల సభలో డొనాల్డ్ ట్రంప్ అభిశంసనకు ఓటేసిన పది మంది రిపబ్లికన్లలో చెనీ ఒకరు. అప్పటికి ఆమె సభలో తన పార్టీకి మూడో స్థానంలో ఉన్న నాయకురాలు, మాజీ ఉపాధ్యక్షుడి కుమార్తె, రెండు నెలల కిందటే దాదాపు 69 శాతం ఓట్లతో తిరిగి గెలిచిన కాంగ్రెస్ సభ్యురాలు. ఆ ఓటు వేసి మూడు రోజులు గడిచాయో లేదో, జనవరి 16న కార్బన్ కౌంటీ రిపబ్లికన్ కమిటీ సమావేశమై ఆమె చర్యను తప్పుపడుతూ ఖండన తీర్మానం చేసింది. వయోమింగ్‌లో ఆ పని చేసిన మొదటి కౌంటీ కమిటీ అదే.

ఈ కౌంటీ స్థాయి ఎంతో తెలిస్తే ఆ తీర్మానం విలువ అర్థమవుతుంది. విస్తీర్ణంలో అది మన ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే పెద్దది. జనాభా మాత్రం 15 వేల లోపు, అంటే మన దగ్గర ఒక మేజర్ పంచాయతీ. కౌంటీ కేంద్రమైన రాలిన్స్‌లో రైలు మార్గం, రాష్ట్ర జైలు ఉన్నాయి. కాస్త దూరంలో సింక్లెయిర్ చమురు శుద్ధి కర్మాగారం ఉంది. ఆ పైన అంతా పశువుల మేత భూములే. అలాంటి చోట కూర్చున్న కొద్దిమంది కార్యకర్తలు వాషింగ్టన్‌లో పార్టీ మూడో నాయకురాలిని నిలదీశారు. వాళ్ల దారిలో మరికొన్ని కౌంటీలు నడిచాయి. మూడు వారాలు తిరిగేసరికి, ఫిబ్రవరి 6న రాష్ట్ర పార్టీ కేంద్ర కమిటీ అదే రాలిన్స్‌లో సమావేశమై అదే పని చేసింది. మొత్తం 74 మంది సభ్యుల్లో తీర్మానాన్ని వ్యతిరేకించినవాళ్లు ఎనిమిది మంది.

చెనీ వేసిన ఓటు సరైనదనే నా అభిప్రాయం. 2020 ఎన్నికను దొంగిలించారన్న వాదనకు ఆధారాలు లేవని కోర్టులు ఒకదాని తర్వాత ఒకటి తేల్చాయి. 2021 జనవరి 6న ట్రంప్ మద్దతుదారులు అమెరికా చట్టసభ కొలువుండే క్యాపిటల్ భవనంపై దాడి చేయడాన్ని ప్రపంచమంతా చూసింది. అయినా కార్బన్ కౌంటీ కమిటీకి ఆ తీర్మానం చేసే హక్కు ఉందని, అలాంటి హక్కు ఉన్న పార్టీయే నిజమైన పార్టీ అని నేను నమ్ముతున్నాను. తీర్మానంలో ఏముందన్నది ఒక చర్చ, తీర్మానం చేయగలిగిన వ్యవస్థ ఉండటం మరో చర్చ. మన వ్యాఖ్యాతలు మొదటిదాని దగ్గరే ఆగిపోయారు.

ఆ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో చూడాలి. వయోమింగ్‌లో ప్రతి ప్రెసింక్టు నుంచి, అంటే దాదాపు ఒక పోలింగ్ కేంద్రం పరిధి నుంచి, పార్టీ కమిటీకి పురుష సభ్యులనూ మహిళా సభ్యులనూ ఎన్నుకుంటారు. వాళ్లను ఏ నాయకుడూ నియమించడు. గవర్నర్, సెనేటర్ పదవులకు అభ్యర్థులను ఎంచుకునే ప్రైమరీ బ్యాలెట్ మీదే, చివర్లో, కమిటీ సభ్యుల పేర్లు కూడా ఉంటాయి. ఓటరు పై నుంచి కిందికి వచ్చి, తన వీధిలో తనకు తెలిసిన మనిషి పేరు పక్కన గుర్తు పెడతాడు. చాలా ప్రెసింక్టుల్లో పోటీ ఉండదు. ఎవరూ నిలబడని చోట ఓటరు పేరు రాయడానికి ఒక ఖాళీ గీత మాత్రమే మిగులుతుంది. అక్కడ కొద్దిపాటి ఓట్లతోనే సభ్యుడు ఎన్నికైపోవచ్చు. ఇలా ఎన్నికైనవాళ్లు కౌంటీ అధ్యక్షుడిని, రాష్ట్ర కమిటీకి వెళ్లే ఒక పురుష ప్రతినిధిని, ఒక మహిళా ప్రతినిధిని ఎన్నుకుంటారు. ఒక్కో కౌంటీకి ముగ్గురు చొప్పున 23 కౌంటీల నుంచి వెళ్లినవాళ్లే రాష్ట్ర కమిటీలో అత్యధికులు. రాష్ట్ర రాజధాని ఉన్న, లక్ష జనాభా గల లారమీ కౌంటీకీ ముగ్గురే, రెండున్నర వేల జనాభా ఉన్న నయోబ్రారా కౌంటీకీ ముగ్గురే. పల్లె కౌంటీల మాట రాజధాని మాటతో సమానంగా, కొన్నిసార్లు దాన్ని మించి, చెల్లుబాటు కావడానికి కారణం ఇదే.

ఈ కమిటీలు ఏడాది పొడవునా చేసే పనులు పైకి చాలా చిన్నవిగా కనిపిస్తాయి. ఏటా లింకన్ పేరుతో విందు పెట్టి విరాళాలు సేకరిస్తాయి. వేసవిలో కౌంటీ సంతలో టేబుల్ వేసుకుని కరపత్రాలు పంచుతాయి, ఓటర్ల నమోదు చేయిస్తాయి. అభ్యర్థులను పిలిచి పరిచయ సభలు పెడతాయి. ఎన్నికల ఏడాదిలో కౌంటీ మహాసభ జరిపి రాష్ట్ర మహాసభకు ప్రతినిధులను పంపుతాయి. శాసనసభకు పోటీ చేయాలనుకునేవాడికి మొదటి పరిచయాలు దొరికేది ఇక్కడే. గడప గడపకూ తిరిగే కార్యకర్తలు దొరికేదీ ఇక్కడే. ఒక పార్టీకి తిరుగులేని బలం ఉన్న రాష్ట్రంలో నవంబరు ఎన్నిక లాంఛనమే. అసలు పోటీ ఆగస్టు ప్రైమరీలో ముగుస్తుంది. అందువల్ల ప్రైమరీకి ముందు కౌంటీ కమిటీ ఎవరి వైపు మొగ్గుతుందన్నది అభ్యర్థులకు జీవన్మరణ సమస్య.

ఇక్కడే మద్దతు ప్రకటన అనే వివాదం వస్తుంది. ప్రైమరీలో సొంత పార్టీ అభ్యర్థుల్లో ఒకరిని గెలిపించడానికి, మరొకరిని ఓడించడానికి పార్టీ నిధులు ఖర్చు చేయకూడదని వయోమింగ్ ఎన్నికల చట్టం చెబుతుంది. అది మంచి నిబంధనే. అందరూ చందాలు వేసుకున్న డబ్బును ఒకరి మీద ప్రయోగించడం అన్యాయం. కానీ ఖండన తీర్మానానికి డబ్బు అక్కర్లేదు. ఎవరికి మద్దతిస్తున్నామో చెప్పకుండానే ఎవరికి మద్దతు లేదో చెప్పడానికి అంతకంటే పదునైన ఆయుధం మరొకటి లేదు. 2021 నవంబరులో రాష్ట్ర కమిటీ బఫెలో పట్టణంలో సమావేశమై, చెనీని ఇక రిపబ్లికన్‌గా గుర్తించబోమని 31-29 ఓట్ల తేడాతో తీర్మానించినప్పుడు జరిగింది కూడా ఇదే. అప్పటికి ట్రంప్, ప్రైమరీలో చెనీపై పోటీకి దిగిన హారియట్ హేగ్‌మన్‌కు మద్దతు ప్రకటించి రెండు నెలలైంది. పార్టీ హేగ్‌మన్ పేరు ఎత్తకుండానే ఆమెకు దారి సుగమం చేసింది.

పార్టీ కమిటీల గొంతు నొక్కాలన్న ఆలోచన అమెరికాలో కొత్తది కాదు. ప్రైమరీలకు ముందు పార్టీ కమిటీలు ఎవరికీ మద్దతు ప్రకటించకూడదని కాలిఫోర్నియా ఒకప్పుడు చట్టం చేసింది. 1989లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. ఆ తీర్పు వెనక ఉన్న తర్కం నాకు పూర్తిగా సమ్మతం. తన తరఫున ఎవరు నిలబడాలో నోరు విప్పి చెప్పలేని సంస్థను పార్టీ అని పిలవడంలో అర్థం లేదు. డబ్బును కట్టడి చేయవచ్చు, చేయాలి. అభిప్రాయాన్ని కట్టడి చేస్తే మిగిలేది జెండాలు కట్టే యంత్రాంగమే.

దీనికి అభ్యంతరం చెప్పేవాళ్ల వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. నామమాత్రపు ఓట్లతో, చాలాసార్లు పోటీయే లేకుండా ఎన్నికైన కొన్ని డజన్ల మంది రాష్ట్రం మొత్తం ఎన్నుకున్న నాయకురాలికి తీర్పు చెప్పడం ఏమిటని వాళ్లు అడుగుతారు. తీవ్రవాద ధోరణి ఉన్నవాళ్లకే సమావేశాలకు వచ్చే ఓపిక ఉంటుందని, మితవాదులు ఇంట్లో ఉండిపోతారని, దాంతో కమిటీలు ఒకే స్వరం పలుకుతాయని చెబుతారు. యుయింటా కౌంటీలో 2021లో జరిగినది వాళ్ల అనుమానాలకు బలం ఇచ్చింది కూడా. ప్రెసింక్టుల్లో ఎన్నిక కాని పాత పదాధికారులు కొత్త నాయకత్వ ఎన్నికలో ఓటేశారు. అది చెల్లదని 2023లో వయోమింగ్ సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

అయితే ఈ వాదన చెనీ విషయంలో నిలబడదు. 2022 ప్రైమరీలో ఓటర్లు కమిటీల తీర్పును తిప్పికొట్టి ఉంటే, కొద్దిమంది పార్టీని కబ్జా చేశారన్న మాటకు విలువ ఉండేది. హేగ్‌మన్‌కు లక్షా 13 వేల ఓట్లు వచ్చాయి, చెనీకి 49 వేలు. శాతాల్లో 66, 29. చెనీ గెలిచిన కౌంటీలు రెండే: టీటన్, ఆల్బనీ. కార్బన్ కౌంటీ కార్యకర్తలు ఓటర్ల నాడిని వాషింగ్టన్ కంటే, పత్రికల కంటే ముందుగా పట్టుకున్నారు. కింది స్థాయి కమిటీ ఉన్నది అందుకే. ఆ నాడి తప్పు దిశలో కొట్టుకుంటోందని అనుకునేవాళ్లు కమిటీ అధికారాలను కత్తిరించి లాభం లేదు. ఓటర్లతో మాట్లాడాలి, ఆ కమిటీలో కూర్చోవాలి.

ఆ కుర్చీలు ఎవరి కోసం ఎదురుచూస్తున్నాయో గమనించాలి. ప్రెసింక్టు సభ్యత్వానికి కోట్ల రూపాయలు అక్కర్లేదు, వంశం పేరు అక్కర్లేదు. ఆ ప్రెసింక్టులో నివాసం, ఆ పార్టీ ఓటరుగా నమోదు, నామినేషన్ పత్రం, ఇరుగుపొరుగు ఓట్లు ఉంటే చాలు. ప్రజాస్వామ్యంలో ఇంత చవకగా దొరికే అధికారం మరొకటి లేదు. ట్రంప్ అనుచరులు దీన్ని అందరికంటే ముందు గ్రహించారు. కౌంటీ సమావేశాలకు క్రమం తప్పకుండా హాజరయ్యారు, నియమావళులు చదువుకున్నారు, ఖాళీలు నింపారు. 2024 ఎన్నికల్లో వయోమింగ్ దిగువ సభ, రిపబ్లికన్లలోని కరడుగట్టిన సంప్రదాయవాదుల వర్గమైన ఫ్రీడమ్ కాకస్ చేతికి వచ్చింది. ఒక రాష్ట్ర చట్టసభలో ఆ వర్గం ఆధిక్యం సాధించడం దేశంలో అదే మొదటిసారి. ఇది ఒక్క ట్రంప్ ప్రభంజనంతో జరిగిన పని కాదు. ఏళ్ల తరబడి కింది కమిటీల్లో కూర్చున్నవాళ్ల కష్టం అందులో ఉంది. వాళ్ల విధానాలను వ్యతిరేకించేవాడిగా చెబుతున్నాను: ఆ కష్టాన్ని గౌరవించకుండా వాళ్లను ఎదుర్కోలేరు.

అమెరికాలోని మన తెలుగువాళ్లు కూడా ఈ పాఠాన్ని పెడచెవిన పెడుతున్నారన్నది నా బాధ. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో గవర్నర్ అభ్యర్థికి విరాళాల విందు ఏర్పాటు చేయడంలో, ఆ ఫొటో సంఘం వేదిక మీద చూపించుకోవడంలో ఉన్న ఉత్సాహం, సొంత ప్రెసింక్టు కమిటీ స్థానానికి నామినేషన్ వేయడంలో కనిపించదు. టెక్సస్‌లో ప్రెసింక్టు అధ్యక్షులను మార్చి ప్రైమరీలో ఎన్నుకుంటారు. ఎవరూ నిలబడక ఖాళీగా మిగిలిన స్థానాలను కౌంటీ కమిటీయే భర్తీ చేస్తుంది. వీసా చట్టాల మీద, పాఠశాల బోర్డుల మీద, గుడి కట్టుకోవడానికి కావలసిన అనుమతుల మీద ఎవరి ఇంటి తలుపు తట్టాలో తెలియక తిరిగే సమాజం, ఆ తలుపు లోపల కూర్చునే అవకాశాన్ని వదులుకుంటోంది. విరాళం ఇచ్చినవాడి ఫోన్ ఎత్తకపోయినా నాయకుడికి నష్టం లేదు. తీర్మానం మీద ఓటున్నవాడి ఫోన్ ఎత్తక తప్పదు.

ఇక ఇక్కడి సంగతి. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఏదైనా పార్టీ మండల కమిటీ తమ ఎంపీ పార్లమెంటులో వేసిన ఓటును తప్పుపడుతూ తీర్మానం చేయడం మనం ఊహించగలమా? ఆ మండల అధ్యక్షుడు తెల్లారేసరికి మాజీ అవుతాడు, ఎందుకంటే అతన్ని నియమించింది కార్యకర్తలు కాదు, ఎమ్మెల్యే. ఎమ్మెల్యేకు బి-ఫారం ఇచ్చింది అధిష్ఠానం. అధికారం పై నుంచి కిందికి జారుతుంది, జవాబుదారీతనం కింది నుంచి పైకి సాగదు. ప్రాంతీయ పార్టీల్లో అధ్యక్ష పదవి ఒక కుటుంబం గడప దాటదు. జాతీయ పార్టీల్లో రాష్ట్ర అధ్యక్షుడి పేరు ఢిల్లీ నుంచి ప్రకటనగా వస్తుంది. 2022లో వైఎస్సార్ కాంగ్రెస్ ప్లీనరీ తన అధ్యక్షుడిని జీవితకాలానికి ఎన్నుకున్నట్లు ప్రకటించింది. శాశ్వత పదవులు ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘం ఆక్షేపించింది. ఆ పేరు లేకుండానే అదే పద్ధతి నడిపిస్తున్న మిగతా పార్టీలను మాత్రం అడిగేవాళ్లు లేరు.

మద్దతు ప్రకటనలు మనకు కొత్త కాదు. రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీ ఎన్నికలు చట్టప్రకారం పార్టీ రహితం, బ్యాలెట్ మీద పార్టీ గుర్తులు ఉండవు. అయినా ఫలితాల రోజు ప్రతి పార్టీ తమ మద్దతుదారులు ఇన్ని చోట్ల గెలిచారని లెక్కలు చెబుతుంది. ఆ మద్దతు ఎవరు నిర్ణయించారు? గ్రామ కమిటీ కూర్చుని చేతులెత్తి ఓటేసి తేల్చిందా? ఎమ్మెల్యే ఇంటి ముందు అర్ధరాత్రి వరకు బేరసారాలు సాగి, ఖర్చు పెట్టుకోగలవాడి పేరు ఖరారవుతుంది, లేదా వేలంపాటలో సర్పంచి పదవి ఏకగ్రీవమవుతుంది. కార్బన్ కౌంటీ కమిటీ తీసుకున్న నిర్ణయం నాకు నచ్చలేదు. కానీ దాన్ని తీసుకున్నవాళ్ల పేర్లు ఎన్నికల రికార్డుల్లో ఉన్నాయి. తర్వాతి ప్రైమరీలో పొరుగువాడు వాళ్లను ఓడించగలడు. మన గ్రామంలో మద్దతు ఎవరికో నిర్ణయించినవాడిని ఓడించడానికి మన చేతిలో ఏ బ్యాలెట్టూ లేదు.

పార్టీల అంతర్గత ఎన్నికలను ప్రాథమిక సభ్యత్వ జాబితా ఆధారంగా, మండల స్థాయిలో రహస్య ఓటింగ్‌తో, బయటి పర్యవేక్షకుల సమక్షంలో నిర్వహించాలని నేను ఎప్పటినుంచో వాదిస్తున్నాను. లక్షల సభ్యత్వాలు నమోదు చేశామని ప్రతి పార్టీ గొప్పగా చెప్పుకుంటోంది, ప్రమాద బీమా కార్డులు కూడా పంచుతోంది. ఆ సభ్యుడికి బీమాతో పాటు ఒక ఓటు ఇవ్వడానికి ఏ కొత్త చట్టమూ అవసరం లేదు. పార్టీలు తమంతట తాము ఎన్నికల సంఘానికి సమర్పించిన నియమావళుల్లో సంస్థాగత ఎన్నికల నిబంధన ఎలాగూ ఉంది. వచ్చే సంస్థాగత ఎన్నికల్లో కనీసం మండల అధ్యక్షుడి పదవికైనా బ్యాలెట్ పెట్టి చూడమని, ఆ ఫలితం ఎమ్మెల్యేకు నచ్చకపోయినా నిలబెట్టమని రెండు రాష్ట్రాల్లోని పార్టీలన్నింటినీ అడుగుతున్నాను.