ప్లేట్లలో చేతులు కడగరాదు

డిగ్రీ రెండో ఏడు వేసవి సెలవుల్లో మామయ్య నన్ను విజయవాడ పిలిపించుకున్నాడు. "ఇంట్లో ఊరికే కూర్చుని ఏం చేస్తావురా, హోటల్లో కౌంటర్ చూసుకుందువు గాని రా" అన్నాడు. తీరా వెళ్తే కౌంటర్లో ఆయనే కూర్చున్నాడు. నా చేతికి చట్నీ బకెట్ వచ్చింది.

పొద్దున్న ఆరింటికి షట్టర్ ఎత్తేసరికి ఓ పెద్దాయన రెడీగా ఉండేవాడు. రోజూ ప్లేట్ ఇడ్లీయే. మూడు ఇడ్లీలు తిని, నాలుగోదాంట్లో చిన్న ముక్క దాచుకునేవాడు. ఆ ముక్క ఉన్నంతసేపూ టిఫిన్ నడుస్తున్నట్టే లెక్క. "అబ్బాయ్, సాంబార్!" అంటే పొయ్యాల్సిందే. 12 రూపాయల ఇడ్లీకి ఆయన తాగిన సాంబార్‌తో మా వీధిలో ఒక పెళ్లి బంతి లేచిపోయేది.

సరే, తాగితే తాగాడు. అసలు బాధ ఆ తర్వాత. సింకు ఆరడుగుల దూరంలో ఉంది, పైగా కొళాయిలో నీళ్లు కూడా వస్తాయి. అయినా సరే, గ్లాసెత్తి ప్లేట్లోనే చెయ్యి కడిగేవాడు. ఆయనొక్కడే అయితే పోనీ అనుకోవచ్చు, సగం మంది అంతే. తినగా మిగిలిన అల్లం చట్నీ, కరివేపాకు, కొరికి వదిలేసిన మిరపకాయ, మూతి తుడుచుకున్న పేపర్ ముక్క, అన్నీ కలిసి ప్లేటు అంచుదాకా చెరువు. దాన్ని తొణక్కుండా టబ్బు దాకా మొయ్యాలి. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఎవరో మోచెయ్యి లాగి "తమ్ముడూ, బొంబాయి చట్నీ" అంటారు.

ఒకరోజు అలాగే లాగారు. చెరువు తెగి, ఎదురుగా తెల్ల ప్యాంటు తెల్ల చొక్కాలో ఉన్నాయన మోకాళ్లమీద పడింది. మామయ్య ఆయనకి కాఫీ ఇప్పించి, నాకు చివాట్లు పెట్టి, ఆ సాయంత్రమే గోడమీద రాయించాడు: 'ప్లేట్లలో చేతులు కడగరాదు.'

మర్నాడు పెద్దాయన ఇడ్లీ ముగించి, కళ్లజోడు సర్దుకుని, గోడమీదిది పైకే చదివాడు. బుద్ధిగా తలూపాడు. నాలుగు వేళ్లూ మంచినీళ్ల గ్లాసులో ముంచి కడిగాడు.

"బాబాయ్ గారూ, బోర్డు..."

"ప్లేట్లో కదయ్యా వద్దన్నది?"

న్యాయంగా చూస్తే ఆయన మాట కాదనలేం. మామయ్య పెయింటర్‌ని మళ్లీ పిలిపించాడు. ఈసారి పొద్దున్నే వచ్చాడు. 'గ్లాసుల్లో కూడా' అని ఎర్ర రంగుతో ఇరికించి, మా లెక్కలో పెసరట్టు ఉప్మా లాగించి, ఎవరూ చెప్పకుండానే లేచి సింకు దగ్గరికెళ్లి చేతులు కడుక్కున్నాడు. ఇన్నాళ్లకి ఒక్క మనిషి కనిపించాడని నాకు కళ్లు చెమర్చాయి.

ఈలోగా ఆ టేబుల్ దగ్గరే పెద్దాయన సాంబార్ ముగించాడు. గోడమీద తడి ఆరని అక్షరాల్ని చదువుతూ, చూడకుండానే చేతికందిన గ్లాసులో వేళ్లు ముంచాడు. అది పెయింటర్ కిరసనాయిల్లో బ్రష్ నానేసుకున్న గ్లాసు.

చెయ్యి పైకి తీస్తే మణికట్టు దాకా పారాణి. హోటలంతా నిశ్శబ్దం. పెద్దాయన చెయ్యి వాసన చూసుకున్నాడు, మమ్మల్నందర్నీ ఒకసారి చూశాడు, కౌంటర్ వైపు తిరిగి గద్దించాడు.

"ఏమయ్యా, గ్లాసుల్లో రంగులు కలపరాదని ఒక బోర్డు పెట్టించలేవూ?"