మూడో కన్ను గల్లాపెట్టె మీద

శివుడికి మూడో కన్ను ఒకటే. అది తెరిస్తే మన్మథుడు బూడిదయ్యాడు. మా పేటలోని బార్ అండ్ రెస్టారెంట్‌కి పదహారు ఉన్నాయి, పగలూ రాత్రీ తెరిచే ఉంటాయి. అయినా నా హెల్మెట్ ఎత్తుకెళ్లినవాడికి ఒక్క వెంట్రుకైనా కమిలిన జాడ లేదు. (చికెన్ ఫ్రై కోసమే వెళ్లాను. బండి మీద వెళ్లినవాడు ఇంకేం తాగుతాడు?)

చట్టాన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు బొత్తిగా లేదు. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం తెచ్చింది. ఒకేసారి వందమంది పోగయ్యే చోటైతే చాలు, గుడైనా బడైనా బిర్యానీ హోటలైనా కెమెరాలు పెట్టాల్సిందే. రికార్డు 30 రోజులు దాచాలి, ఆరు నెలలకోసారి రిటర్ను పంపాలి. వినకపోతే జరిమానా, ఆపైన తాళం. రాష్ట్రం రెండయ్యాక ఆస్తుల పంచాయితీ తెగకపోయినా, ఈ చట్టం మాత్రం పేచీ లేకుండా రెండిళ్లకూ చేరింది. నవ్వులాటకి తెచ్చిన చట్టమూ కాదు. 2007 ఆగస్టు 25న కోఠిలో గోకుల్ చాట్ దగ్గర పేలిన బాంబు, చేతిలో ప్లేటు పట్టుకుని నిలబడ్డవాళ్లను పొట్టనపెట్టుకుంది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో పేలినవాటిలో ఒకటి మిర్చి సెంటర్ దగ్గరే. తినడానికి బయటికెళ్లినవాడు ఇంటికి తిరిగి రావాలని సర్కారు అనుకుంటే వంక పెట్టేదేముంది? ఆ 30 రోజుల దగ్గరే నాకు కాస్త బెంగ. ఆవకాయ తప్ప మనవాళ్లు దేన్నీ నెల్లాళ్లు భద్రంగా దాచిన దాఖలాలు లేవు.

హైదరాబాద్ పోలీసులైతే కాలనీలవాళ్ల చేత కెమెరాలు పెట్టించే పథకానికి ‘నేను సైతం’ అని పేరే పెట్టారు. ఆ మాట ఎక్కడిదో తెలుగువాడికి చెప్పక్కర్లేదు. కవి సమిధ వేశాడు, మేం తలా రెండు వేలు వేశాం. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ కూడా తెరిచారు. ఊరంతా కనిపించే అంత పెద్ద తెర మీద నా హెల్మెట్ ఓ క్షణమైనా మెరిసే ఉంటుందని నా నమ్మకం.

ఆ నమ్మకంతోనే మేనేజర్‌ను అడిగాను. పాపం మంచివాడు, కౌంటర్ వెనక్కి రమ్మన్నాడు. సోంపు నములుతూ చూశాను. పదహారు గళ్ల టీవీ. నాలుగు గళ్లు నల్లగా ఉన్నాయి. ఒకదాంట్లో ఫ్యాను తిరుగుతోంది. ఇంకోదాంట్లో సాలెపురుగు సంసారం సుఖంగా సాగుతోంది. పార్కింగ్ గడిలో ఒక నాయకుడి ముక్కు మాత్రమే ఉంది. దసరా ఫ్లెక్సీ కట్టినప్పుడు అడ్డొచ్చిందట, మళ్లీ విప్పే ధైర్యం ఎవరికీ లేదట. మిగిలినవాటన్నిటిలోనూ గల్లాపెట్టే. పైనుంచి, పక్కనుంచి, ఎదురుగా. నోట్లు లెక్కపెడుతున్న వేలి ఉంగరంలో రాయి పగడమని కూడా తెలిసిపోతోంది.

“మరి మనుషులు కూర్చునే చోట?”

“కస్టమర్లు గొడవ చేస్తారండీ. వస్తూనే, తలెత్తితే కెమెరా కనపడని టేబుల్ ఇమ్మంటారు.”

ఆ భాగ్యం ఏడో నంబరు టేబుల్‌కి ఒక్కదానికే ఉందట. ఏసీ గాలి తగలదు, పక్కనే బాత్‌రూము, అయినా శనివారం సాయంత్రం ఆరింటికే నిండిపోతుంది. 2017లో సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు కూర్చుని గోప్యత ప్రాథమిక హక్కని తేల్చారు. మా పేటలో ఆ హక్కు ఫినాయిల్ వాసన మధ్య అమలవుతోంది.

సరే, ఉన్న రికార్డైనా వెనక్కి తిప్పమన్నాను. తెర మూల తేదీ 01-01-2000. కరెంటు పోయినప్పుడల్లా రికార్డింగ్ పెట్టెలో గడియారం అక్కడికే వెళ్తుందట. ఆ లెక్కన నా హెల్మెట్ పోయేనాటికి నేను ఇంటర్ చదువుతున్నాను, నాకు బండే లేదు. ఇక కేసు పెడితే ఫుటేజీకి సర్టిఫికెట్ కావాలి. మొన్నటిదాకా అది పాత సాక్ష్య చట్టంలో 65బి, 2024 జూలై నుంచి కొత్త సాక్ష్య చట్టంలో 63వ సెక్షను. సంతకం మాటెత్తగానే మేనేజర్ రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

అసలు ఠాణాకే వెళ్దామనుకున్నాను. ప్రతి ఠాణాలోనూ కెమెరాలు పెట్టి, రికార్డు వీలైతే 18 నెలలు, ఎంత తక్కువైనా ఏడాది దాచమని 2020 డిసెంబరులోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2025 సెప్టెంబరులో, అవెందుకు పనిచేయడం లేదంటూ తనంత తానే కేసు చేపట్టాల్సి వచ్చింది. ఇందులో కుట్ర ఉందని నేననను. సాంకేతిక లోపం. కెమెరాకైనా ఎక్కడ కునుకు తీయాలో తెలియాలి కదా.

ఇంతలో మేనేజర్ ఫోన్ మోగింది. ఓనరుగారు అమెరికాలో కొడుకు దగ్గరున్నారు. అక్కడ ఇంకా తెల్లారలేదు. అయినా గొంతు స్పీకర్ పెట్టక్కర్లేనంత ఖంగుమంది.

“ఆ గళ్ల చొక్కా ఆయనెవరయ్యా, అరగంట నుంచి కౌంటర్ వెనకాల?”

నా చొక్కా చూసుకున్నాను. గళ్లదే.

“హెల్మెట్ పోయిందంటున్నారండీ.”

“హెల్మెట్ సంగతి నాకు తెలీదు. సోంపు మాత్రం రెండుసార్లు తీసుకున్నాడు.”