నిలుపుదల బోనసు: ఒక సమర్థన

అమెరికాలో విమానం నేల వదిలి 10 వేల అడుగుల ఎత్తు చేరేదాకా, తిరిగి దిగేటప్పుడు ఆ ఎత్తుకు కిందికి వచ్చింది మొదలు, కాక్‌పిట్‌లో కూర్చున్న పైలట్లు విమానం నడపడానికి అక్కరలేని మాట ఒక్కటి కూడా మాట్లాడకూడదని అక్కడి ప్రభుత్వం 1981లో నిబంధన పెట్టింది. ప్రమాదాల నివారణే దాని ఉద్దేశమని అంటారు గాని, దానివల్ల యాజమాన్యాలకు కలిగిన మేలును ఇంతవరకు ఎవరూ గుర్తించలేదు. మూడు గంటల ప్రయాణంలో కాసేపైనా పైవాడి జీతం గురించి చర్చ జరగకుండా చట్టమే అడ్డుపడుతోంది. ఇక్కడ పైవాడంటే దేవుడు కాదు. దేవుడి ఆదాయం హుండీ లెక్కింపుతో తేలిపోతుంది. విమాన కంపెనీ ముఖ్య కార్యనిర్వహణాధికారి ఆదాయం తేలాలంటే వార్షిక పత్రాల అధోజ్ఞాపికలన్నీ చదవాలి.

పైలట్లను మాటల్లోకి దిగనిస్తే ఏమవుతుందో 2009 అక్టోబరు 21న లోకానికి తెలిసింది. శాన్‌డీగో నుంచి మినియాపొలిస్ వెళ్లవలసిన నార్త్‌వెస్ట్ విమానం ఆ ఊరిని దాటి దాదాపు 150 మైళ్లు ముందుకు వెళ్లిపోయింది. కంట్రోలర్లు పిలిచీ పిలిచీ అలసిపోయారు. తాము నిద్రపోలేదనీ, తమ కంపెనీ డెల్టా ఎయిర్‌లైన్స్‌లో విలీనమయ్యాక వచ్చిన కొత్త డ్యూటీల పద్ధతిని ల్యాప్‌టాప్‌లు తెరుచుకుని చూసుకుంటూ మైమరచిపోయామనీ ఆ పైలట్లు దర్యాప్తులో చెప్పుకున్నారు. డ్యూటీల పట్టికకే ఊరు దాటిపోయిందంటే, జీతాల పట్టిక తెరిచి ఉంటే విమానం ఏ దేశంలో తేలేదో ఊహించుకోవచ్చు. కాబట్టి ప్రయాణికుల భద్రత దృష్ట్యా ఆ చర్చను నేలమీదే ముగించడం మంచిది. యాజమాన్యాలకు వకాల్తా పుచ్చుకుని ఆ పని నేను చేస్తాను.

ముందుగా అభియోగం వినాలి. డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో ఆవకాయ సీసా గురించి అధికారులకు సంజాయిషీ ఇచ్చుకున్న తెలుగువారందరికీ అమెరికన్ ఎయిర్‌లైన్స్ పరిచయమే. 2001 సెప్టెంబరు 11 తరువాత ఆ కంపెనీ కుదేలైంది. 2002లో మాతృసంస్థకు వచ్చిన నష్టం 350 కోట్ల డాలర్లు. 2003 వసంతంలో, ఉద్యోగుల ఖర్చు ఏడాదికి 180 కోట్ల డాలర్ల మేర తగ్గకపోతే దివాలా కోర్టుకు వెళ్లడం తప్పదని అధ్యక్షుడు డాన్ కార్టీ చెప్పాడు. తిలాపాపం తలా పిడికెడు అన్నారు కదా, అందులో పైలట్ల పిడికిలి 66 కోట్లు. జీతంలో మొదటి ఏడాది 23 శాతం, ఆపైన 17 శాతం కోతకు వారు ఒప్పుకున్నారు. మెకానిక్కులూ సామాను మోసేవారూ ఒప్పుకున్నారు. ఫ్లైట్ అటెండెంట్లు మొదట కాదన్నారు. ఓటింగు గడువు ఒక్క రోజు పొడిగించేసరికి వారు కూడా ఔనన్నారు.

ఆ ఓట్లు పడుతున్న ఏప్రిల్ 15నే, కంపెనీ తన వార్షిక నివేదికను షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థకు దాఖలు చేసింది. అందులో రెండు సంగతులు ఉన్నాయి. కొందరు అగ్రశ్రేణి అధికారులు 2005 జనవరి దాకా కంపెనీని వదలకుండా ఉంటే, వారికి మూల వేతనానికి రెండింతలు నిలుపుదల బోనసు. పైగా 45 మంది అధికారుల అదనపు పింఛను దివాలా వచ్చినా చెక్కుచెదరకుండా, ముందు సంవత్సరం అక్టోబరులోనే ఒక ట్రస్టులో దాచిన 4 కోట్ల 10 లక్షల డాలర్లు. ఓట్లు వేసినవారికి ఈ రెండు సంగతులూ ఓట్లు వేశాకే తెలిశాయి. పెళ్లయ్యాక జాతకం చూపించినట్లుంది అని కొందరు విమర్శించారు. జాతకం చూపించారా లేదా అన్నది ముఖ్యం గాని, ఎప్పుడు చూపించారన్నది ముహూర్తానికి సంబంధించిన చిన్న విషయం.

ఇక సమర్థనకు వస్తాను. నిలుపుదల బోనసు ఎవరికి ఇవ్వాలి? వెళ్లిపోగలవాడికి. పైలటు ఎక్కడికి వెళ్లగలడు? అతని ప్రపంచమంతా ఒక సీనియారిటీ నంబరు. ఏ విమానం నడపాలో, ఏ ఊరు వెళ్లాలో, సంక్రాంతికి కాకపోయినా క్రిస్మస్‌కైనా ఇంట్లో ఉండాలో లేదో ఆ నంబరే నిర్ణయిస్తుంది. ఇరవై ఏళ్లు కెప్టెనుగా చేసినవాడు కంపెనీ మారితే, కొత్త చోట జాబితా అట్టడుగున, కుడివైపు సీట్లో, కొత్తగా చేరిన కుర్రవాళ్ల సరసన మొదలుపెట్టాలి. గుంజకు కట్టేసి ఉన్నదానికి మళ్లీ గడ్డి ఎర చూపడం డబ్బు దుబారా కాదా? అధికారి సంగతి వేరు. అతనికి సీనియారిటీ లేదు. ఈ రోజు విమానాలు, రేపు నూనె, ఎల్లుండి సబ్బులు. అతన్ని ఆపకపోతే ఏమైనా జరగవచ్చు. ఏడాదికి 350 కోట్లు నష్టం వచ్చేటంత చాకచక్యంతో కంపెనీని నడిపినవారిని పోటీ కంపెనీలు ఎత్తుకుపోతే ఎలా?

పింఛను ట్రస్టు విషయంలో విమర్శకులు కాక్‌పిట్ సంప్రదాయాన్ని మరిచిపోయారు. కెప్టెనూ కోపైలటూ ఒకే వంటకం తినకూడదన్నది చాలా కంపెనీల్లో ఆనవాయితీ. ఒకరికి చేప, మరొకరికి కోడి. చేప పాడైతే ఒకరు పడుకుంటారు, రెండోవారు విమానం దించుతారు. అమెరికన్ బోర్డు చేసింది అచ్చంగా అదే: ఉద్యోగుల పింఛను ఒక గిన్నెలో, అధికారుల పింఛను మరో గిన్నెలో. మొదటి గిన్నె చెడిపోయినా తినడానికి ఎవరో ఒకరు మిగలాలి కదా. ఎవరు మిగలాలన్నదే అసలు ప్రశ్న అని పైలట్లు అన్నారు. అది ఆకలి మీద వేసిన ప్రశ్న కాబట్టి దానికి జవాబు చెప్పనక్కరలేదు.

ఈ సమర్థనలో ఒక్కచోట నాకు నోరు పెగలడం లేదు. గగ్గోలు చూసి కార్టీ క్షమాపణ చెప్పుకుని బోనసులు రద్దు చేశాడు గాని ట్రస్టు జోలికి పోలేదు. ఆ నెల 24న పదవికే రాజీనామా చేశాడు. అంటే, ఆయనను వెళ్లకుండా ఆపడానికి పెట్టిన బోనసే ఆయన వెళ్లడానికి కారణమైంది. బోనసు లేకపోయి ఉంటే ఆయన ఉచితంగా ఉండిపోయేవాడేమో. యాజమాన్య శాస్త్రం ఈ చిక్కుముడి జోలికి వచ్చినట్లు నేను వినలేదు. ఆయన వెళ్లడం వల్ల సంఘాలకు దక్కిన ఊరటలో పెద్దది, ఆరేళ్ల ఒప్పందం అయిదేళ్లకు తగ్గడం. అయిదేళ్ల లెక్కలో నాలుగో ఏడు తిరిగేసరికి, 2007 ఏప్రిల్‌లో, కొత్త యాజమాన్యం ఎనిమిది వందల పైచిలుకు అధికారులకూ మేనేజర్లకూ 15 కోట్ల డాలర్లు పైబడి విలువైన షేర్లు పంచింది. ఆ రోజుల్లో కంపెనీ నినాదం, కలిసి లాగుదాం, కలిసి గెలుద్దాం. లాగడం గెలవడం రెండూ ఒకే మనిషి చేస్తే పనివిభజన ఏముంది?

అధికారుల జీతాన్ని ఎవరు నిర్ణయిస్తారన్న సందేహం కూడా తీర్చవలసి ఉంది. బోర్డులో ఒక వేతన సంఘం ఉంటుంది. అందులో సాధారణంగా ఇతర కంపెనీలను నడిపినవారో, నడుపుతున్నవారో ఉంటారు. వారు ఒక సలహాదారును పెట్టుకుంటారు. ఆయన తోటి కంపెనీల జీతాలు తెచ్చి నడిమి గీత ఎక్కడుందో చూపిస్తాడు. మన ఆయన నడిమి గీతకు దిగువన ఉన్నాడంటే బోర్డుకు తలవంపులు కాబట్టి కాస్త పైకి లేపుతారు. ఏడాది తిరిగేసరికి గీతే పైకి జరిగి ఉంటుంది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదన్న సామెతను ఇక్కడ వాడబోకండి. ఇందులో కడపంక్తి అంటూ లేదు. ఇదే లెక్కను పైలట్ల సంఘం తెచ్చి, ఫలానా కంపెనీలో ఇంత ఇస్తున్నారు కాబట్టి మాకూ అంత కావాలంటే, దానిని దురాశ అంటారు. మొదటిదానిని మార్కెట్ రేటు అంటారు. పదాలు వేరుగా ఉండడమే నిఘంటువు ప్రయోజనం.

ఇప్పుడు సంఘం నాయకుడి దగ్గరికి రావాలి, ఎందుకంటే పైలట్ల చర్చ ఎప్పుడూ ఆయన దగ్గరికే వచ్చి ఆగుతుంది. సంఘం పనిమీద విమానం దిగిన పైలటుకు, నడపకుండా వదిలేసిన విమానాల జీతాన్ని సంఘమే భర్తీ చేస్తుంది. దానికి ఫ్లైట్ పే లాస్ అని పేరు. పూర్తికాలం అధ్యక్షుడికి జీతమే ఉంటుంది. ఆ డబ్బు సభ్యుల జీతాల్లోంచి శాతం లెక్కన వచ్చే చందా. చాలా కంపెనీల పైలట్లు సభ్యులుగా ఉన్న పెద్ద సంఘం ఆల్పా (ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్)లో ఆ రోజుల్లో అది 1.95 శాతం. సభ్యుడి జీతం 23 శాతం కోసుకుపోతే సంఘం రాబడి కూడా అంత మేరా కోసుకుపోతుంది. పైన చెప్పిన రెండు గిన్నెల సూత్రం తెలియని అమాయకపు ఏర్పాటు ఇది.

అంతకంటే పెద్ద అమాయకత్వం 1959 నాటి చట్టం. దాని ప్రకారం ప్రతి పెద్ద సంఘం ఎల్ఎం-2 అనే ఫారం కార్మిక శాఖకు ఏటా సమర్పించాలి. నాయకుల జీతాలు, భత్యాలు పేరుపేరునా అందులో ఉంటాయి. ఎవరైనా చూడవచ్చు. అధికారి ప్యాకేజీ చదవాలంటే షేర్ల విలువ కట్టే సూత్రాలు, షరతులు, షరతులకు మినహాయింపులు అర్థం కావాలి. నాయకుడి జీతం చదవాలంటే అంకెలు వస్తే చాలు. పైగా నాయకుడిని దించడానికి పైలట్లకు ఓటు ఉంది, అధికారిని దించడానికి లేదు. చేతికి అందే కొమ్మనే కదా అందరూ వంచేది. కనుక 4 కోట్ల డాలర్ల ట్రస్టు గురించి పైలట్లు నిట్టూరుస్తారు, నాయకుడి హోటలు బిల్లు గురించి నిలదీస్తారు. నిలదీయడంలో తప్పులేదు, తాను నడపని విమానానికి కెప్టెన్ జీతం తీసుకునేవాడు లెక్క చెప్పవలసిందే. అయితే పనితీరును బట్టి ప్రతిఫలం అన్న సూత్రం ఆయనకు ఎలా వర్తించిందో కూడా చూడాలి. 1999 ఫిబ్రవరిలో ఇదే అమెరికన్ పైలట్లు మూకుమ్మడిగా జబ్బుపడినప్పుడు, కోర్టు ఉత్తర్వును లెక్కచేయలేదని న్యాయమూర్తి సంఘానికి 4 కోట్ల 55 లక్షల డాలర్లు వడ్డించాడు. సంఘం అధ్యక్షుడికి విడిగా 10 వేలు, ఉపాధ్యక్షుడికి 5 వేలు. ఆ ఏడాది వారికి దక్కిన ప్రోత్సాహకం అదే.

కంపెనీకి యజమానులైపోతే ఈ బాధలన్నీ తీరతాయని యునైటెడ్ ఎయిర్‌లైన్స్ పైలట్లు ఒకప్పుడు అనుకున్నారు. 1994లో జీతాలు తగ్గించుకుని, తోటి ఉద్యోగులతో కలిసి కంపెనీలో 55 శాతం వాటా పుచ్చుకున్నారు. 2002 డిసెంబరులో కంపెనీ దివాలా తీయడంతో ఆ వాటా చిత్తుకాగితమైంది. 2005లో ఉద్యోగుల పింఛను పథకాలను కోర్టు అనుమతితో వదిలించుకుంది. లోటు 980 కోట్ల డాలర్లు, అందులో ప్రభుత్వ బీమా సంస్థ తలకెత్తుకున్నది 660 కోట్లు. మిగతాది ఎవరు భరించారో చెప్పనక్కరలేదు. అధ్యక్షుడు గ్లెన్ టిల్టన్ కోసం విడిగా ఉంచిన 45 లక్షల డాలర్ల పింఛను ట్రస్టు మాత్రం భద్రంగా ఉంది. యజమానికి మిగలనిది జీతగాడికి మిగిలింది. సోషలిజం ఇంతకన్నా ఏం కోరుతుంది?

నా వాదనకు అసలైన బలం 2009లో దొరికింది. ఆ జనవరి 15న కెప్టెన్ సల్లెన్‌బర్గర్ ఇంజన్లు ఆగిపోయిన విమానాన్ని హడ్సన్ నది మీద దించి, 155 మందినీ బతికించాడు. మరుసటి నెలలో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు కూర్చుని, తన జీతం 40 శాతం తగ్గిందనీ, పింఛను రద్దయి డాలరుకు సెంట్ల లెక్కన మిగిలిందనీ చెప్పాడు. సభ్యులు జాలిపడ్డారు. జాలి దేనికి? 40 శాతం కోశాక కూడా ఒక మనిషి నది మీద విమానం దించగలుగుతున్నాడంటే, ఆ 40 శాతం మొదటి నుంచీ అనవసరమేనని రుజువైంది కదా. పైలటు నైపుణ్యం కోతకు తట్టుకునే మొండి పంట. అధికారి నైపుణ్యం అలాంటిది కాదు. బోనసు ఒక్క త్రైమాసికం ఆలస్యమైతే వాడిపోతుంది.

అమెరికన్ చివరికి 2011 నవంబరులో దివాలా కోర్టుకు వెళ్లనే వెళ్లింది. 2003లో ఏ దివాలాను తప్పించడానికి జీతాలు కోసుకున్నారో ఆ దివాలాకే. యూఎస్ ఎయిర్‌వేస్‌తో విలీనం ఖరారైనప్పుడు, పదవి వదలబోతున్న అమెరికన్ అధ్యక్షుడు టామ్ హోర్టన్‌కు సుమారు 2 కోట్ల డాలర్ల వీడ్కోలు ప్యాకేజీ ఇస్తామన్నారు. దివాలా న్యాయమూర్తి దానికి ఆమోదం తెలపలేదు. విలీనమయ్యాక కొత్త కంపెనీ ఇచ్చుకోవచ్చన్న దారి ఉండనే ఉంది. పదేళ్ల కిందట ఉండడానికి డబ్బు, ఇప్పుడు వెళ్లడానికి డబ్బు.

విమానం 35 వేల అడుగుల మీద ఉంది. సీటు బెల్టు దీపం ఆరింది. కెప్టెన్ చేప తింటున్నాడు, కోపైలటు కోడి. ఉండేవాడికీ డబ్బులు, వెళ్లేవాడికీ డబ్బులు అయితే, ఉండీ వెళ్లలేనివాడికి ఏమిటని కెప్టెన్ అడిగాడు. కోపైలటు కాసేపు ఆలోచించి, జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ఎల్ఎం-2 కాగితం తీశాడు.

"అది సరే కెప్టెన్ గారూ, మన అధ్యక్షుడు పోయిన ఏడాది వాషింగ్టన్‌లో ఎన్ని రాత్రులు బస చేశాడో చూశారా?"