అమ్మ పర్సులో కార్డు

పోయిన వేసవిలో విశాఖ వెళ్ళినప్పుడు గాజువాకలో మా చెల్లెలి ఇంట్లో దిగాను. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక చెల్లెలు చాప మీద కూర్చుని జాకెట్టుకి హుక్కులు కుట్టుకుంటూ సూది జారవిడిచింది. పక్కనే ఫోను చూసుకుంటున్న మా మేనల్లుడు (ఇంజనీరింగు మూడో ఏడు) తలెత్తకుండానే ఎడమచేతి ఉంగరపు వేలిని చాప మీద అటూ ఇటూ తిప్పాడు. సూది లేచి వేలికి అతుక్కుంది. అందుకోబోయిన చెల్లెలు ఆగిపోయింది.

"ఏట్రా అది? సూది నీ వేలికి అలా ఎలా అంటుకుంది?"

అలా బయటపడింది. వేలి కొసన చర్మం కింద బియ్యపు గింజంత అయస్కాంతం. రెండు నెలల కిందట పచ్చబొట్లు వేసే ఒక కుర్రాడి చేత కోయించి పెట్టించుకున్నాడట. మత్తింజెక్షను లేదు, ఐసు నీళ్ళలో చెయ్యి ముంచి ఉంచడమే. వేలు తలుపు సందులో నలిగిందని ఇంట్లో అబద్ధం చెప్పి వారం రోజులు కట్టు కట్టుకు తిరిగాడు.

చెల్లెలు తిడుతూనే ఉంది. మా అమ్మ మాత్రం "ఏదీ, ఇలా చూపించు బావూ" అంటూ వాడి చెయ్యి దగ్గరికి లాక్కుంది. నేను గభాల్న లేచి ఆ చెయ్యి వెనక్కి గుంజాను. అమ్మ గుండె దగ్గర పేస్‌మేకరుంది. దాని పని సరిచూడ్డానికి డాక్టర్లే ఒక్కోసారి దాని మీద అయస్కాంతం పెడతారు. అలా పెడితే అది గుండెను గమనించడం మానేసి ఒకే లెక్కన గుండెని తడుతూ పోతుంది. అందుకే అయస్కాంతాలున్న ఫోన్లు కూడా 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచమంటారు. వాడి వేలిలోది ఎంతుందని? బహుశా ఏమీ అయ్యేది కాదు. అయినా నాకు చెమటలు పట్టాయి.

ఈ సంగతి మన సంఘం పత్రికకి రాస్తానంటే కమిటీలో ఒక పెద్దాయన "ఎందుకండీ, పిల్లలకి లేనిపోని ఆలోచనలు" అన్నారు. ఆ ఆలోచనలు గాజువాకలో పుట్టినవి కావు. అమెరికాలో మనం ఉంటున్న ఈ పిట్స్‌బర్గులోనే, మనం పెన్ హిల్స్‌లో వెంకన్నకి గుడి కట్టుకున్న ఊళ్ళోనే, గ్రైండ్‌హౌస్ వెట్‌వేర్ అని, చర్మం కింద పరికరాలు పెట్టుకునేవాళ్ళ జట్టు ఒకటి ఉండేది. అందులో టిమ్ కానన్ అనే ఆయన 2013లో ఒంటి వేడిని కొలిచి ఫోనుకి పంపే సర్కేడియా అనే పెట్టెను ముంజేతి చర్మం కింద పెట్టించుకున్నాడు. అది దాదాపు పేకముక్కల కట్టంత ఉంటుంది. ఫొటో చూస్తే చెయ్యి వాచిందేమో అనిపిస్తుంది. సుమారు మూడు నెలలకి తీయించేశాడు. అంతకు ముందే 1998లో ఇంగ్లండులో కెవిన్ వార్విక్ అనే ప్రొఫెసరు చేతిలో చిప్పు పెట్టించుకుని తన ఆఫీసు తలుపులు వాటంతటవే తెరుచుకునేలా చేసుకున్నాడు.

చిప్పుల సంగతి నాకంత ఆసక్తిగా ఉండదు. రెండు మిల్లీమీటర్ల లావు, పన్నెండు మిల్లీమీటర్ల పొడవు గాజు గొట్టం. ఆనవాలు కోసం కుక్కలకి పొడిచేదానికి తమ్ముడు. అందులో ఎక్కువమంది వాడే రకంలో పట్టేది 888 బైట్లు. తెలుగు అక్షరాలు మూడేసి బైట్లు తింటాయి కాబట్టి మహా అయితే రెండు ఆటవెలదులు రాసుకోవచ్చు. ఆ పని జేబులో కార్డూ చేస్తుంది.

అయస్కాంతం అలా కాదు. వేలి కొసల్లో స్పర్శ నరాలు కిక్కిరిసి ఉంటాయి. దగ్గర్లో కరెంటు పారితే అయస్కాంతం వణుకుతుంది, ఆ వణుకును నరం పట్టుకుంటుంది. మా వాడు కళ్ళు మూసుకుని మిక్సీ చుట్టూ చెయ్యి తిప్పి మోటారు ఎక్కడుందో చెప్పాడు. ఫ్రిజ్ వెనక కంప్రెసరు ఆన్ అయినప్పుడల్లా "జివ్వుమంటోంది" అన్నాడు. కూర్మన్నపాలెం వైపు వెళ్తుంటే రోడ్డు పక్క ట్రాన్స్‌ఫార్మరు దగ్గర బండి ఆపి చెయ్యి చాపాడు. "మావయ్యా, మీ అమెరికాలో ఇది వేరేగా తగుల్తాదట. ఇక్కడ కరెంటు సెకనుకి యాభై సార్లు ఊగుతాది, అక్కడ అరవై." ఇరవై రెండేళ్ళుగా రెండు దేశాల కరెంటూ వాడుతున్నాను. వాటి తేడా నాకు తెలిసింది రెండు మిక్సీలు మాడ్చుకోవడం వరకే. వాడు దాన్ని ఒంటితో వినాలనుకున్నాడు. దీన్ని పిచ్చి అనడానికి నాకు నోరు రాదు. చెవులు, ముక్కు కుట్టించుకుని, మోచేతి దాకా పచ్చబొట్లు పొడిపించుకున్న నాయనమ్మల మనవలం మనం.

నా పేచీ పైపూతతో.

నాన్న సింధియాలో, అంటే హిందుస్థాన్ షిప్‌యార్డులో, పెయింటింగు సూపర్‌వైజరుగా ముప్ఫయ్యేళ్ళు చేశారు. ఓడకి రంగు వెయ్యడమంటే గోడకి సున్నం కొట్టడమే అని మేం అనుకునేవాళ్ళం. ఆయన లెక్క వేరు. తుప్పంతా పోయేదాకా ఇసుకలాంటి రేణువులు జోరుగా చిమ్మి (బ్లాస్టింగు), ఇనుము మెరిశాక గంటల్లో ప్రైమరు, అంటే మొదటి పూత, పడాలి. ఆలస్యమైతే ఉప్పుగాలికి మళ్ళీ ఎర్రబడుతుంది. పొరలన్నీ వేశాక తడి స్పాంజి తగిలించిన పరికరంతో అంగుళం అంగుళం తడిమేవారు. పూతలో సూదిమొనంత కంత ఉన్నా తడి లోపలి ఇనుముకి తగిలి బజరు మోగుతుంది. ఆ కంతని వాళ్ళు 'హాలిడే' అంటారు. ఆదివారాలు కూడా డ్యూటీకి పోయే మనిషి ఇంటికొచ్చి "ఇవాళ నాలుగు హాలిడేలు దొరికాయి" అంటే అమ్మకి ఒళ్ళు మండేది.

వేళ్ళలో పెట్టుకునేవి నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపిన అయస్కాంతాలు. బలం ఎక్కువ, తుప్పుకి మాత్రం ఇట్టే లొంగిపోతాయి. రేణువుల మధ్య అతుకులా ఉండే నియోడిమియం ముందు తినేయబడి, మిగతాది పొడిగా రాలిపోతుంది. బజారులో దొరికేవాటికి నికెల్ పూత ఉంటుంది. కొందరి ఒంటికి నికెలే పడదు. పైగా ఆ పూతలో కంత పడితే చుట్టూ ఉన్న నికెల్ వల్ల ఆ చోట తుప్పు ఇంకా జోరందుకుంటుంది. అందుకని సిలికోను, పారిలీను, టైటానియం నైట్రైడు లాంటివి పూసినవి వాడతారు. ఒంట్లో నీరు ఎంత ఉప్పనో సెలైన్ సీసా చూసినవాళ్ళకి తెలుసు, నూటికి 0.9. ఆ నీళ్ళలో, రోజంతా నొక్కుడు పడే వేలి కొసలో, ఆ పూత ఏళ్ళ తరబడి నిలవాలి. క్విన్ నార్టన్ అనే అమెరికన్ విలేఖరి 2005లో పెట్టించుకున్న అయస్కాంతానికి సిలికోను పూత చిట్లింది, వేలు నల్లబడింది. తీయబోతే ముక్కలైంది.

మా వాడి వేలి కింద కూడా బూడిదరంగు మచ్చ కనబడింది. గాజువాకలో కిటికీ ఊచలు చూస్తూ పెరిగినవాణ్ణి, అదేమిటో నాకు వేరే చెప్పక్కర్లేదు.

ఊళ్ళో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు విషయం వినగానే పేషెంటుని వదిలేసి క్లాసు పీకడం మొదలెట్టారు. చదువుకున్నవాడివేనా, మీ నాన్న ఏం చేస్తాడు, వగైరా. వేలు ముట్టుకోలేదు. యాంటీబయాటిక్ రాసి పంపేశారు. బయటికి రాగానే వాడు "అందుకే మావయ్యా, మేం బ్లేడుతో మేమే తీసేసుకుంటాం" అన్నాడు. 'మేం' అన్నాడు, గమనించండి. ఇంకొక చోట "ఇనుప ముక్క గుచ్చుకుంది" అని చెబుదామన్నాడు. అలా చెబితే లోపల అయస్కాంతం ఉందని తెలియక ఎవరైనా ఎమ్మారై రాస్తే? ఆ మిషను అయస్కాంతం బలం మామూలుగా 1.5 టెస్లా, అంటే భూమి అయస్కాంత బలానికి సుమారు 30 వేల రెట్లు. చివరికి ఒక పెద్ద వయసు సర్జనుగారు నిజమంతా విని, నవ్వి, మత్తిచ్చి పది నిమిషాల్లో తీసేశారు. గాజు పలక మీద పెట్టి చూపించారు. ఒక వైపు ఇంకా మెరుస్తోంది, రెండో వైపు నల్లటి పొడి.

ఆ సాయంత్రం అమ్మ తన పర్సులోంచి, సింహాద్రి అప్పన్న కుంకుమ పొట్లం పక్కనుంచి, ఒక కార్డు తీసి వాడి చేతిలో పెట్టింది. పేస్‌మేకరు కార్డు. ఏ కంపెనీ, ఏ మోడలు, నంబరు, ఏ రోజు పెట్టారు, ఎవరు పెట్టారు, ఎమ్మారై చెయ్యొచ్చా లేదా, అన్నీ ఉన్నాయి. "నాకూ ఉంది కదరా లోపల మిషను. నన్నెవరూ పిచ్చిదంటం లేదు" అంది.

నేను చెప్పాలనుకున్నదంతా ఆ కార్డులోనే ఉంది. ఆ పేస్‌మేకరు మాత్రం ఆకాశంలోంచి ఊడిపడిందా? 1958లో స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే రోగికి పెట్టిన మొదటిదాన్ని, ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజనీరు బూటు పాలిష్ డబ్బాలో గట్టిపడే ఎపాక్సీ జిగురు పోసి అచ్చు తీశాడు. గంటల్లోనే ఆగిపోయింది. లార్సన్ మాత్రం 2001 దాకా బతికి 26 పేస్‌మేకర్లు మార్చుకున్నాడు. ప్రతి ఒక్కటీ పాడవుతుందని ముందే ఒప్పుకున్నవాళ్ళు, తీసి మార్చేవాళ్ళు, పక్కన ఉన్నారు కాబట్టి. మా వాడికి పెట్టిన కుర్రాడి ఫోను అప్పటికే పలకడం లేదు.

మన సంఘం సభల్లో ప్రతి రెండో కుర్చీలో ఒక డాక్టరుంటారు. వాళ్ళకి నా మనవి: రేపు ఎవరి అబ్బాయో, అమ్మాయో వేలు చాపితే ముందు వేలు చూడండి, క్లాసు తర్వాత పీకొచ్చు. ఇక్కడ చెవులు, ముక్కులు కుట్టే పియర్సింగు వాళ్ళకి మత్తింజెక్షను ఇచ్చే హక్కు లేదు, అక్కడ పచ్చబొట్ల కుర్రాడికీ లేదు. మీరు తలుపు వేసేస్తే మిగిలేది ఐసు నీళ్ళే. యువజన వేదిక మీద ఈ విషయం మాట్లాడించాలనీ, షిప్‌యార్డు పెయింటరునో, సర్జనునో పక్కన కూర్చోబెట్టి మాట్లాడించాలనీ కమిటీకి రాశాను. జవాబు రావాలి.

మేనల్లుడు మారిపోయాడని రాస్తే బాగుండేది. టైటానియం నైట్రైడు పూసినది మళ్ళీ పెట్టించుకుంటానంటున్నాడు. ముందు అమ్మమ్మ కార్డులాంటిది తయారుచేసి చూపించమన్నాను. గళ్ళు గీసి, తేదీ, ఏ వేలు, ఏ పూత, ఎక్కడ కొన్నది, అన్నీ పొందిగ్గా నింపి పోయిన వారం ఫొటో పంపాడు. 'తీయాల్సి వస్తే ఎవరు తీస్తారు' అన్న చివరి గడి ఖాళీగా ఉంది.