ఇల్లరికపు అల్లుడూ యూరియా బస్తా

వేరుశనగ విత్తే ముందు మనవాళ్ళు ఒక సత్కార్యం చేస్తారు. 200 గ్రాముల రైజోబియం ప్యాకెట్ కొని, బెల్లం నీళ్ళు కాచి చల్లార్చి, విత్తనానికి పట్టించి, నీడన ఆరబెట్టి భక్తిగా విత్తుతారు. మూడు వారాలు తిరక్కుండా అదే చేలో యూరియా బస్తా చల్లుతారు. రెండూ ఒకే కొట్లోవే, ఒకే చీటీ మీదే!

రైజోబియం అంటే గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు తిండిగా మార్చే బాక్టీరియా. వేరులో కాపురముంటుంది కనుక ఇల్లరికపు అల్లుడు. వేరుశనగలోనైతే సింహద్వారం గుండా కూడా రాడు. పక్కవేరు పొడుచుకొచ్చే చోట పగులులోంచి దూరతాడు. అయినా అత్తగారు, అంటే మొక్క, వేరు మీద బుడిపె కట్టి గది ఇస్తుంది. ఆకులో వండిన చక్కెర పంపుతుంది. ఆక్సిజన్ ఎక్కువ తగిలితే ఆయన పనిముట్టు, నత్రజనిని పట్టే నైట్రోజినేజ్ అనే ఎంజైము, పాడైపోతుంది కనుక లెగ్‌హీమోగ్లోబిన్ అనే ఎర్ర తెర కూడా కడుతుంది. ఒక్క నత్రజని అణువును అమ్మోనియా చేయడానికి ఆయన 16 ఏటీపీలు, అంటే కణంలో శక్తినిచ్చే అణువులు, ఆరగిస్తాడు. గతిలేక భరిస్తోంది గానీ, అత్తగారు లెక్కల మనిషి.

అప్పుడు గుమ్మంలో యూరియా దిగుతుంది. కొద్దిరోజుల్లో నైట్రేట్, అంటే మొక్క నేరుగా పీల్చుకోగల నత్రజని, అవుతుంది. ఇక ఈ అల్లుడెందుకు? కొత్త గదులు కట్టడం ఆగుతుంది, ఉన్న గదికి చక్కెర తగ్గుతుంది, బుడిపెలోకి గాలి అందడం తగ్గుతుంది, ఎర్ర తెర వెలిసిపోతుంది. మొక్క పీకి బుడిపెను గోటితో చిదిమి చూడండి. గులాబి రంగుంటే అల్లుడు పనిలో ఉన్నాడు. ఆకుపచ్చగా ఉంటే అయిపోయాడు. అత్తగారు మాత్రం నేలలోకి దిగి కాయలయ్యే ఊడల సంగతి మరిచి ఆకులేసుకుని మెరిసిపోతుంది.

నత్రజని అసలు వద్దని కాదు. బుడిపెలు పని మొదలెట్టేదాకా మొలక బతకాలి. వర్షాధార పంటకు ఎకరాకు 8 కిలోల నత్రజని, అంటే 18 కిలోల యూరియా, అదీ విత్తేటప్పుడే. భాస్వరం కోసం వేసే డీఏపీ ఎరువు 50 కిలోల బస్తాలోనే 9 కిలోల నత్రజని ఉంది. అది వేశాక మళ్ళీ యూరియా దేనికి?

ఇక ఆకు పసుపెక్కగానే యూరియా రాసిచ్చే మహానుభావులు. సున్నపు నేలలో లేతాకు ఈనెలు పచ్చగా ఉండి మధ్య పసుపెక్కితే అది ఇనుము లోపం. ఎకరాకు కిలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 200 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) 200 లీటర్ల నీటిలో కలిపి, వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయాలి. ఆ ఎర్ర తెరలోనూ ఇనుమే, నైట్రోజినేజ్‌లోనూ ఇనుమే! ఇనుము అడిగిన మొక్కకు యూరియా అంటగట్టడాన్ని సలహా అనకండి, దోపిడీ అనండి. అప్పు చేసి విత్తనం కొన్నవాడికి గాలిలోంచి ఊరికే దొరికేదాన్ని మాన్పించి, అదే సరుకు డబ్బుకి అమ్ముతారా? సిగ్గుండక్కర్లేదూ?

కోతలయ్యాక అదే కౌంటర్ దగ్గర అదే గొంతు: "రైజోబియం పనిచెయ్యలేదా అండీ? వచ్చే ఏడు వేరే కంపెనీది ఇస్తాలెండి."