క్రైమ్ రేటు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ క్రైమ్ రేటు గారి సముఖమునకు,

హైదరాబాద్ తూర్పు శివారు కాలనీ నుంచి ఒక గృహస్థు రాసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి.

ఇక్కడ మేమంతా క్షేమం అని రాయబోయి కలం ఆపాను. మేం క్షేమంగా ఉన్నామని మాకు మేమే చెప్పుకుంటే చెల్లదు. డిసెంబర్ ఆఖరి వారంలో, కమిషనర్ గారి ప్రెస్‌మీట్‌లో, తెర మీద బాణం గుర్తుతో మీరు సెలవివ్వాలి. బాణం కిందికి ఉంటే మేం క్షేమం. పైకి ఉన్నా క్షేమమే, ఎందుకో తర్వాత మనవి చేస్తాను.

మీ పేరు చిన్నప్పటి నుంచీ వింటున్నా గానీ మీ పుట్టుపూర్వోత్తరాలు మొన్నీమధ్యే చదివాను. ఏడాదిలో నమోదైన కేసుల్ని జనాభాతో భాగించి లక్ష మందికి ఇన్ని అని చెబితే అది మీరు. 1953వ సంవత్సరం లెక్కలతో మొదలై ఢిల్లీలో మీ పుస్తకం అచ్చవుతోంది. 1986లో పెట్టిన జాతీయ నేర రికార్డుల సంస్థ, ఎన్‌సీఆర్‌బీ, ఇప్పుడా పని చూస్తోంది. ఏటా వచ్చే పుస్తకం అంటారు, కానీ 2023 నాటిది 2025 సెప్టెంబర్ ఆఖర్లో బయటికొచ్చింది. దొంగ దొరికి, బెయిల్ మీద వచ్చి, ఇంకో రెండిళ్లు చూసుకున్నాక గానీ మొదటి ఇంటి లెక్క మాకు అందదన్నమాట.

2022 పుస్తకంలో మా హైదరాబాద్‌కు మీరు వేసిన అంకె 299.2. కోల్‌కతాకు 86.5, పుణెకు 280.7. ఇంకేముంది, దేశంలో మూడో సురక్షిత నగరం మనదేనని పేపర్లు రాశాయి. మా కాలనీ గ్రూపులో చప్పట్ల బొమ్మలు కురిశాయి. నేనూ నాలుగు వేశాను. తర్వాత తీరిగ్గా పట్టిక చూస్తే, భాగించిన జనాభా 77.5 లక్షలు. అది 2011 జనగణన లెక్క. నేరాలేమో 2022వి, మనుషులేమో పదకొండేళ్ల కిందటి వాళ్లు. కోకాపేటలో మేఘాలకు తగిలే టవర్లన్నీ మీ దృష్టిలో ఇంకా రాళ్లగుట్టలే. మా చిన్నమ్మాయి 2012లో పుట్టింది. దాని చెవిదుద్దులు ఎవడైనా లాక్కుపోతే ఆ కేసు మీ లెక్కలోకి వస్తుంది, పిల్ల మాత్రం రాదు. న్యాయంగా చూస్తే ఇది మాకే నష్టం. ఇప్పటి జనాభాతో భాగిస్తే మేం ఇంకా సురక్షితంగా తేలతాం. ఒక్క పోలీసు అదనంగా రోడ్డెక్కకుండా, ఒక్క దొంగ మారకుండా, కూర్చున్నచోటే.

మీ జీవితంలో మహర్దశ పట్టిన సంవత్సరం 2020. దేశమంతా తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చుంది. దొంగలూ కూర్చున్నారు. దొంగతనాలు తగ్గాయి, కిడ్నాపులు తగ్గాయి. మీరు మాత్రం 385.5 నుంచి 487.8కి ఎగబాకారు. ఒక్క ఏడాదిలో కేసులు 28 శాతం పెరిగాయి. ఎలాగా అని చూస్తే ఐపీసీ 188, అంటే అధికారుల ఉత్తర్వు ధిక్కరించడం. ఆ సెక్షన్ కింద 2019లో 29,469 కేసులుంటే 2020లో 6,12,179. పాల ప్యాకెట్ కోసం సందు చివరిదాకా వెళ్లిన పెద్దాయనా, పీక కోసినవాడూ మీ దగ్గర తలా ఒక కేసు. ఇంత సమదృష్టి వేదాంతులకు కూడా అబ్బదు.

ఇక బాణం సంగతి. మీరు తగ్గారనుకోండి, అది పోలీసుల పనితనం. గస్తీ పెరిగింది, కెమెరాలు పెరిగాయి, విజిబుల్ పోలీసింగ్ ఫలించింది. మీరు పెరిగారనుకోండి, అప్పుడు ప్రజల్లో చైతన్యం పెరిగింది. జనం ధైర్యంగా ముందుకొచ్చి ఫిర్యాదు చేస్తున్నారు, మేమూ ప్రతిదీ నమోదు చేస్తున్నాం అంటారు. ప్రతిపక్షం వాళ్లకు ఇది తిరగేసి చదవాలి. పెరిగితే శాంతిభద్రతలు కుప్పకూలాయి, తగ్గితే కేసులు కట్టకుండా తొక్కిపెడుతున్నారు. పార్టీలు కుర్చీలు మారినప్పుడు డైలాగులూ మారతాయి. ఎటు కదిలినా అందరికీ పనికొచ్చే అంకె మిమ్మల్ని మించి నేను చూడలేదు. అపార్టుమెంట్లు అమ్మేవాళ్లయితే మీరు కదలకపోయినా వాడుకుంటారు.

మా బావమరిది ఫోన్ విషయం మీకు విన్నవించాలి. కోఠి నుంచి వచ్చే బస్సులో, కాలు పెట్టే సందులేని రద్దీలో, జేబులోంచి ఫోన్ కొట్టేశారు. స్టేషన్‌కు వెళ్లాం. ఏ స్టేషనో చెప్పను, మర్యాదగానే కూర్చోబెట్టారు, టీ కూడా ఇచ్చారు. ఫిర్యాదులు రాసే రైటర్ గారు కాగితం తీసి, "తీసినోణ్ని చూసిన్రా సార్?" అన్నారు. చూళ్లేదన్నాం. "చూడలేదు కదా. మరి ఎక్కడో పడిపోయిందని రాయుండ్రి. దొంగతనమంటే కేసైతది, కోర్టుకు మీరే తిరగాలె" అన్నారు. మా వాడికి కోర్టు పేరు వింటేనే టెన్షన్. పడిపోయిందని రాశాడు. ఫోన్ గుర్తింపు సంఖ్యను, అంటే ఐఎంఈఐ నంబర్‌ను, పోయిన ఫోన్లను వెతికే సీఈఐఆర్ పోర్టల్‌లో ఎక్కించారు. కొన్ని నెలలకు ఫోన్ నిజంగానే దొరికింది. ఎవరో కొనుక్కుని సిమ్ వేసుకోగానే పట్టేశారట. మెచ్చుకోవాల్సిందే. పెద్ద హాల్లో రికవరీ మేళా పెట్టి, బల్ల మీద ఫోన్లు వరసగా పేర్చి, పిలిచి మరీ ఇచ్చారు. మా వాడు అధికారి పక్కన నిలబడి ఫొటో దిగాడు.

మీరొక్కసారి ఆలోచించండి. ఆ ఫోన్ దొరికిన సొత్తు లెక్కలో ఉంది. దొంగతనాల లెక్కలో లేదు. ఎవరూ దొంగిలించని ఫోన్లు వందలకొద్దీ వెనక్కి వస్తున్న నగరం మాది.

అందుకే నా దృష్టిలో మీ అసలు తల్లిదండ్రులు ఢిల్లీలో లేరు, స్టేషన్లో ఆ బల్ల వెనక ఉన్నారు. తెలుగునాట ఇంతమంది రచయితలున్నారు కదా, కలం కదపకుండా సమాజాన్ని బాగు చేయగల శక్తి ఒక్క స్టేషన్ రైటర్‌కే ఉంది. ఆయన రాస్తే నేరం జరిగినట్టు, రాయకపోతే ఆ రాత్రి ఊరు చల్లగా నిద్రపోయినట్టు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. పై అధికారి నెలవారీ సమీక్షలో, "ఏంటయ్యా, పోయిన నెల ఆరు, ఈ నెల పదకొండా?" అని నిలదీస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు? పదకొండు దొంగతనాలను ఆరు చేయడం కష్టం. పదకొండు కాగితాలను ఆరు చేయడం సులువు.

కాగ్నిజబుల్ నేరమని, అంటే కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయదగ్గ నేరమని తెలిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని లలిత కుమారి కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం 2013 నవంబర్‌లోనే చెప్పింది. మా పరిధి కాదంటూ తిప్పి పంపకుండా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలని ఇప్పుడు చట్టంలోనే రాశారు. అయినా మీ ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లకు దారులు దొరుకుతూనే ఉన్నాయి. 2024 జులై 1న వచ్చిన కొత్త చట్టాల్లో అయితే, మొదటిసారి చేసిన, అయిదు వేల లోపు దొంగతనాన్ని కాగ్నిజబుల్ జాబితాలోంచే తప్పించారు. దాని మీద మేజిస్ట్రేటు చెప్పకుండా పోలీసులు దర్యాప్తుకు దిగలేరు. గ్యాస్ సిలిండరూ, బోరు స్టార్టరూ, పిల్లల సైకిలూ కొట్టేసేవాళ్లు మీ బరువు పెంచకుండానే బతికేయొచ్చు.

పాపం, కేరళ వాళ్లను చూస్తే జాలేస్తుంది. ఎవరొచ్చి చెప్పినా కేసు కట్టే అలవాటు వల్ల ఏటా మీ పట్టికలో పైవరసల్లో ఉంటారు. మన తెలంగాణ సంగతీ అంతే. సైబర్ నేరాల్లో 2021లో 10,303 కేసులు, 2022లో 15,297, రెండేళ్లూ దేశంలో మొదటి స్థానం. అందరూ మూతులు విరిచారు. పక్క రాష్ట్రాల్లో ఓటీపీ అడిగేవాడికి జనం భగవద్గీత చదివి వినిపిస్తున్నారా? ఇక్కడ సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసినవాళ్ల గోడు కాగితం మీదికి ఎక్కింది, అంతే తేడా. ఆ ఎన్‌సీఆర్‌బీ వాళ్లే తమ పుస్తకంలో, నేరాలు పెరగడం వేరు, నమోదు పెరగడం వేరు, రెండూ కలిపేయకండి మహాప్రభో అన్న అర్థం వచ్చేలా రాసుకున్నారు. ఆ పేజీని హెడ్‌లైన్ చేసిన పేపరు నాకింతవరకూ కనిపించలేదు.

మా భయాల లెక్క కూడా మీకు చెబుతాను, అది మీ పుస్తకంలో ఉండదు. మా కాలనీకి చెడ్డీ గ్యాంగ్ అంటే వణుకు. ఎక్కడో ఏ ఊళ్లోనో నిక్కర్లు వేసుకుని గోడ దూకిన నలుగురి సీసీ కెమెరా వీడియో ఒకటి ఏటా ఎండాకాలం సెలవులకు ముందు గ్రూపులోకి వస్తుంది. వెంటనే మీటింగ్. ఇంటికి ఇంత అని వసూలు చేసి, గేటుకో కెమెరా, సందుకో కెమెరా. ఆ మీటింగ్‌లో అందరికన్నా గట్టిగా మాట్లాడిన రిటైర్డ్ బ్యాంకు మేనేజర్ గారి డబ్బు ఆ మరుసటి నెలలోనే పోయింది. గోడ ఎవరూ దూకలేదు. యూనిఫాం వేసుకున్న ఒకడు వీడియో కాల్‌లో, "మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, కదలొద్దు" అన్నాడు. ఆయన కదల్లేదు. వీధిలో కెమెరాలన్నీ ఆ రోజు కూడా చక్కగా పనిచేశాయి. వీధికుక్కలు చాలా స్పష్టంగా కనిపించాయి.

ఈ భయానికి నవ్వు రాని ముఖం కూడా ఒకటుంది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకార్లు లేచాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊళ్లకు ఊళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాశాయి. పాతబస్తీ చాంద్రాయణగుట్టలో బిచ్చమెత్తుకోవడానికి వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మనిషిని గుంపు కొట్టి చంపింది. మీ లెక్కలోకి అది ఒక హత్యగా వచ్చింది. దానికి ముందు తిరిగిన వేల ఫార్వర్డులు ఎక్కడికీ రాలేదు. వాటిని పంపినవాళ్లు తమ వీధిని కాపాడుకుంటున్నామనే అనుకున్నారు.

ఇళ్లలో జరిగేదాని గురించి మిమ్మల్ని అడగను, మీకు తెలియదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్లు 2019-21లో గడపగడపకూ వెళ్లి అడిగితే, తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో మూడో వంతుకు పైగా భర్త చేతిలో హింస చూశామన్నారు. అందులో మీదాకా ఎన్ని వచ్చాయి? స్టేషన్ మెట్లెక్కిన ఒకరిద్దరికి "సర్దుకుపో తల్లీ, పిల్లలున్నారు" అని కౌన్సెలింగ్ చేసి పంపితే అదొక పరిష్కారమైన ఫిర్యాదు. మీటింగుల్లో గోడల ఎత్తు గురించి ఇంత మాట్లాడుకుంటాం గానీ, గోడకు లోపలివైపు సంగతి ఎజెండాలో ఎప్పుడూ లేదు.

పండగ రోజులొస్తే మీవాళ్ల మాట ఇంకో రకంగా ఉంటుంది. సంక్రాంతికి ఊరెళుతున్నారా, స్టేషన్లో చెప్పి వెళ్లండి, నగలు లాకర్లో పెట్టండి, ప్రయాణం ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టకండి అని ఏటా ప్రకటన వస్తుంది. మంచి సలహాలే. డిసెంబర్ ఆఖర్లో నేరాలు తగ్గాయన్న నోటితోనే జనవరి రెండో వారానికల్లా జాగ్రత్తలు చెబుతారు. ఆ నడుమ ఏమైందో అని నేను క్యాలెండర్ చూసుకుంటాను.

కాబట్టి నా విన్నపం ఇది. దయచేసి మీరు పెరగండి. ఒక్క ఏడాది సిగ్గుపడకుండా, ఒళ్లు దాచుకోకుండా పెరగండి. బస్సులో పోయిన ప్రతి ఫోనూ, లాగిన ప్రతి గొలుసూ, మెట్ల దాకా వచ్చి వెనక్కి వెళ్లిన ప్రతి ఆడమనిషి ఫిర్యాదూ మీలో కలుపుకుని, ప్రెస్‌మీట్ తెర చాలనంతగా పెరగండి. ఆ సంవత్సరం కేసు కట్టిన రైటర్‌ను ఎవరూ నిలదీయకపోతే, ఎస్సైకి మెమో ఇవ్వకపోతే, మా గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టే పూచీ నాది. ఆ పై ఏడాది తగ్గారని చెబితే అప్పుడు నమ్ముతాను.

ఇట్లు,
మీ దినదినాభివృద్ధిని కోరే
ఒక కాలనీవాసి

తా.క.: కొత్త చట్టంతో మీ ఇంటి నంబర్లన్నీ మారిపోయాయి. గొలుసు లాగేవాడికి 304 అని సొంత సెక్షన్ వచ్చింది, సంతోషం. కానీ మోసం 420 నుంచి 318కి మారడంతో మాకు పెద్ద ఇబ్బందయింది. ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఉన్నవే 358 సెక్షన్లట, 420 అన్నదే లేదు. మొన్న చిట్టీ డబ్బు ఎగ్గొట్టినవాణ్ని పట్టుకుని "ఒరేయ్ 318 గాడా" అన్నాను. వాడు తన ఫ్లాట్ నంబరు 412 అని సరిదిద్దాడు.